పరీక్ష అందరికీ ఒకటే ఉండాలా? మీ బాబును మాత్రం తప్పించనివ్వకండి

మీరు అడిగింది ఇది కదా: మీ బాబు ఆరో తరగతి. చదవడంలో ఇబ్బంది ఉంది, అక్షరాలు తారుమారవుతాయి. ఈ ఏడాది పిల్లలందరికీ ఒకే ప్రామాణిక పరీక్ష పెడుతున్నారు. "వాడికెందుకండీ ఈ టెన్షన్, మినహాయింపు ఇచ్చేస్తాం" అని స్కూలువాళ్లు అన్నారు. తల్లిదండ్రుల సమావేశంలో ఒకరేమో అందరికీ ఒకే పరీక్ష ఉంటేనే సమానత్వం అన్నారు. ఇంకొకరేమో పిల్లలు ఒకేలా లేనప్పుడు పరీక్ష ఒకటే ఎలా పెడతారని అడిగారు. ఇద్దరి మాటా నిజమే అనిపించి, ఇంటికొచ్చాక సంతోషించాలో బాధపడాలో తెలియలేదన్నారు. స్కూలువాళ్లతో జరిగే సమావేశంలో ఏం అడగాలో కూడా చెప్పమన్నారు.

నేను ఇరవై ఆరేళ్లు లెక్కలు చెప్పాను. అందులో చివరి పదకొండేళ్లు పాఠాలతో పాటు ప్రశ్నలు తయారుచేసే బృందంలోనూ, జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు శిక్షణ ఇచ్చే పనిలోనూ ఉన్నాను. నా జవాబు ముందే చెప్పేస్తాను. మినహాయింపుకు ఒప్పుకోకండి. మీ బాబు ఆ పరీక్ష రాయాలి. అయితే ఆ మార్కుతో స్కూలు ఏం చేయబోతోందో, ఏం చేయదో ముందుగా కాగితం మీద రాయించుకోండి. ఇందులో ఏ ఒక్కటి వదిలేసినా రెండోదానికి విలువ లేదు. ఎందుకో చెప్పడానికి కాస్త సమయం పడుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను పనిచేసిన ఒక స్కూల్లో ఇలాంటి పరీక్షలకు వారం ముందు ఒక జాబితా తయారయ్యేది. చదువులో బాగా వెనకబడినవాళ్లు, వేరే భాషలో చదివి కొత్తగా వచ్చి చేరినవాళ్లు, తరచూ జబ్బుపడేవాళ్లు అందులో ఉండేవారు. పరీక్ష రోజు వాళ్లను ఇంట్లో ఉండమనేవాళ్లం. పిల్లలకు సెలవు, తల్లిదండ్రులకు బెంగ తీరేది, స్కూలు సగటు పెరిగేది. ఆ జాబితా కింద నేనూ సంతకం పెట్టాను. వాళ్ల మేలుకే అనుకున్నాను. మూడేళ్లు వరసగా అలా ఇంట్లో ఉండిపోయిన ఒక అమ్మాయి ఎనిమిదో తరగతిలో నా సెక్షన్‌కు వచ్చింది. 52లోంచి 27 తీసేయమంటే 35 అని రాసేది. తీసివేతలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం రాదు, అందుకని ఎప్పుడూ పెద్ద అంకెలోంచే చిన్న అంకెను తీసేసేది. ఆ పిల్ల తెలివికి వచ్చిన లోటేమీ లేదు. రెండో తరగతిలో ఎక్కడో పట్టుకున్న తప్పు పద్ధతి అది, అంతే. సాయంత్రాలు కూర్చోబెట్టి పుల్లల కట్టలు విప్పి చూపిస్తే మూడు వారాల్లో పోయింది. ఆరేళ్లుగా ఎవరికీ కనబడలేదు. కనబడే అవకాశం ఉన్న ఒక్క రోజున మేమే ఆ పిల్లను ఇంట్లో ఉంచాం.

మినహాయింపు అనే మాట వినడానికి దయగా ఉంటుంది. ఆచరణలో జరిగేది ఏమిటంటే, ఆ పిల్లల పేరు మీద ఏ అంకే ఉండదు. ప్రత్యేక ఉపాధ్యాయులు ఎంతమంది కావాలో, ఏ తరగతిలో ఎంతమందికి చదవడం రావడం లేదో పైవాళ్లు లెక్కవేసేటప్పుడు వాళ్లు అసలు లెక్కలోకే రారు. లెక్కలోకి రానివాళ్లకు నిధులూ రావు. అందుకే "అందరూ రాయాలి" అనే వాదనలో నాకు అన్నిటికంటే బలంగా కనిపించేది "అందరూ" అనే మాటే. అత్యంత సులువుగా జారిపోయే పిల్లలను కూడా చూసి తీరాలని పెద్దలను కట్టిపడేస్తుంది ఆ మాట.

ఇది వెనకబడిన పిల్లలకే కాదు, బాగా చదివే పేద పిల్లలకూ వర్తిస్తుంది. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో 2007 దాకా కాలేజీ ప్రవేశ పరీక్ష రాయడం విద్యార్థి ఇష్టం. ఫీజు కట్టి, శనివారం పూట పరీక్షా కేంద్రం వెతుక్కుని వెళ్లి రాయాలి. ఆ ఏడాది నుంచి పదకొండో తరగతి వాళ్లందరికీ వాళ్ల స్కూల్లోనే, మామూలు పనిదినాన, ఉచితంగా పెట్టారు. తర్వాత లెక్క చూస్తే ఏం తేలిందంటే, అంతకుముందు కాలేజీ స్థాయి మార్కు తెచ్చుకునే పేద విద్యార్థులు పదిమంది ఉంటే, అదే స్థాయి ఉండీ అసలు పరీక్షే రాయనివాళ్లు మరో ఐదుగురు ఉన్నారట. ఆ ఐదుగురి గురించి వాళ్ల స్కూళ్లకూ తెలియదు, చాలామటుకు వాళ్లకూ తెలియదు.

ఇక్కడ ఒక ఉపాధ్యాయుడు లేచి "మా పిల్లల సంగతి మాకు తెలియదా, పరీక్ష పెట్టి తెలుసుకోవాలా?" అని అడుగుతాడు. నేనూ అడిగినవాడినే. రోజూ కళ్లెదుట ఉన్న పిల్లల గురించి మాకు చాలా తెలుసు, నిజమే. కానీ నెమ్మదిగా ఉండే పిల్ల, మాటలో యాస ఉన్న పిల్లాడు, చేతిరాత బాగోలేనివాడు మా అంచనాలో కొంచెం కిందికి దిగిపోతారు. కావాలని ఎవరమూ చేయం. ఫ్లోరిడాలోని ఒక పెద్ద జిల్లాలో చురుకైన పిల్లల కార్యక్రమానికి ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు సిఫారసు చేసినవాళ్లనే తీసుకునేవారు. 2005లో రెండో తరగతి పిల్లలందరికీ ఒకే చిన్న పరీక్ష పెట్టి చూశారు. పేద పిల్లలు, నల్లజాతి పిల్లలు, హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్న) పిల్లలు అంతకుముందు కంటే చాలా ఎక్కువమంది ఎంపికయ్యారు. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి ఆ పరీక్షను ఆపితే వాళ్ల సంఖ్య మళ్లీ పడిపోయింది. పిల్లలు మారలేదు, చూసే పద్ధతి మారిందంతే.

చైనాలో రాజోద్యోగాలకు పెట్టే పరీక్షల్లో, సోంగ్ వంశపు రాజుల కాలంలో, జవాబు పత్రం మీద పేరు కనబడకుండా అంటించేవారు. అది చాలక, చేతిరాత గుర్తుపడతారేమోనని ప్రతి పత్రాన్నీ గుమాస్తాల చేత తిరగరాయించి, ఆ నకలునే దిద్దేవాళ్లకు ఇచ్చేవారు. ఎవరి కొడుకో తెలియకూడదని అంత శ్రమ పడ్డారు. ఉమ్మడి పరీక్షలో ఉన్న మంచి అంతా ఆ శ్రమలోనే ఉందనిపిస్తుంది నాకు. అయితే ఆ పరీక్షకు కూర్చోవాలంటే ఏళ్ల తరబడి చదివించగల ఇల్లు ఉండాలి, ఆడపిల్లలకు ప్రవేశమే లేదు. దిద్దేచోట పాటించిన నిష్పాక్షికత గుమ్మం దగ్గర లేదు. మీ స్కూల్లోనూ గుమ్మం దగ్గరే చూడమంటున్నాను.

ఇప్పుడు రెండో వైపుకు వస్తాను. ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఉమ్మడి పరీక్షలు పిల్లలకు చేసిన హాని కూడా నేను దగ్గర నుంచి చూశాను.

అమెరికాలో 2002 జనవరిలో నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్ అనే చట్టం వచ్చింది. మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా, హైస్కూల్లో ఒకసారి, చదవడంలోనూ లెక్కల్లోనూ పరీక్ష. 2014 కల్లా ప్రతి పిల్లా నిర్ణీత స్థాయికి చేరాలి, చేరని స్కూళ్ల మీద చర్యలు. ఆ చట్టంలో నాకు నచ్చిన అంశం ఒకటుంది. స్కూలు సగటు చూపించి తప్పించుకోవడానికి వీల్లేదు. పేద పిల్లల ఫలితాలు, వైకల్యం ఉన్న పిల్లల ఫలితాలు, ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల ఫలితాలు విడివిడిగా ప్రకటించాలి. కనీసం 95 శాతం మంది పరీక్ష రాయాలి. నేను సంతకం పెట్టిన జాబితా లాంటిది అక్కడ చెల్లదు.

కానీ ఆ పరీక్ష మీదే స్కూలు భవిష్యత్తును వేలాడదీశారు. ఒక అంకెను బట్టి బహుమానాలు, శిక్షలు ఇవ్వడం మొదలుపెడితే, ఆ అంకే చెడిపోతుంది, అది కొలవాల్సిన పని కూడా చెడిపోతుంది అని డొనాల్డ్ క్యాంప్‌బెల్ అనే సామాజిక మనస్తత్వవేత్త 1970లలోనే చెప్పాడు. అచ్చం అలాగే జరిగింది. చికాగో స్కూళ్ల ఫలితాలను పరిశీలించినవాళ్లకు పాస్ గీతకు కాస్త దగ్గర్లో ఉన్న పిల్లలు ముందుకెళ్లినట్టు కనబడింది. అట్టడుగున ఉన్న పిల్లలకు మాత్రం ఏ మేలూ జరగలేదు. ఉపాధ్యాయుడి వైపు నుంచి ఆలోచించండి. నలభై మందిలో ఐదారుగురిని గీత దాటిస్తే స్కూలు బతుకుతుంది. ఎంత చెప్పినా ఈ ఏడాది గీత దాటలేని పిల్ల మీద పెట్టే గంటకు ఫలితం ఉండదు. ఎవరి కోసం ఆ చట్టం తెచ్చారో వాళ్లనే అది వెనక్కి నెట్టింది. అట్లాంటాలో ఇంకా ఘోరం. పరీక్ష అయిపోయాక పెద్దలే గదిలో కూర్చుని పిల్లల తప్పు జవాబులు చెరిపి ఒప్పులు దిద్దారు. 2011లో వచ్చిన విచారణ నివేదికలో 44 స్కూళ్లకు చెందిన 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్ల ప్రస్తావన ఉంది. నాకు అక్కడ ఎక్కువగా బాధ కలిగించేది మోసం ఒక్కటే కాదు. దిద్దిన మార్కులు చూసి ఆ పిల్లలకు చదవడం వచ్చని అందరూ నమ్మారు, దాంతో వాళ్లకు అందాల్సిన అదనపు సాయం అందలేదు. ఆ చట్టాన్ని 2015 డిసెంబరులో మార్చి వేరే చట్టం తెచ్చారు.

కాబట్టి పరీక్ష ఒకటే ఉండాలా అని అడిగేవాళ్లను నేను ముందు తిరిగి అడిగేది, మార్కు వచ్చాక దాని మీద ఏ నిర్ణయం తీసుకుంటారు అని. ఏ పిల్లకు ఏ సాయం కావాలో తెలుసుకోవడం ఒక పని. స్కూళ్లు మొత్తంగా ఎలా నడుస్తున్నాయో చూడటం ఇంకో పని. పిల్లలను వేర్వేరు దారుల్లోకి పంపడం మూడోది. ఉపాధ్యాయుడి పనితీరు తేల్చడం నాలుగోది. ఈ నాలుగింటినీ ఒకే పేపరుతో చేయాలని చూస్తారు, ఎందుకంటే పేపరు ఎలాగూ పెట్టాం కదా అని. ప్రశ్నలు తయారుచేసే గదిలో కూర్చున్నవాళ్లం ఎంత చెప్పినా వినరు. మొదటి పనికి పనికొచ్చే పేపరులో సులువైన ప్రశ్నలు చాలా ఉండాలి, పిల్ల సరిగ్గా ఎక్కడ తడబడుతోందో తెలియాలి. పై చదువులకు వడపోత చేసే పేపరులో కష్టమైనవి ఎక్కువ ఉండాలి. రెండూ ఒకటి కావు.

రెండో పనికైతే అందరి చేతా రాయించనక్కర్లేదు కూడా. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు పట్టుకుంటే చాలంటాం కదా. అమెరికాలో 1969 నుంచి జరుగుతున్న జాతీయ మదింపు ఈ సూత్రం మీదే నడుస్తుంది. కొన్ని స్కూళ్లను, వాటిలో కొందరు పిల్లలను ఎంచుకుంటారు. ఒక్కొక్కరికీ మొత్తం ప్రశ్నల్లో కొంత భాగమే ఇస్తారు. ఏ పిల్లకూ, ఏ స్కూలుకూ మార్కు ప్రకటించరు. వేర్వేరు దేశాల పిల్లల చదువును పోల్చడానికి 2000లో మొదలైన పీసా పరీక్ష కూడా పదిహేనేళ్ల వయసున్న పిల్లల్లో కొందరికే పెడతారు. ఫిన్లాండ్‌లో ఏడేళ్ల నుంచి పదహారేళ్ల దాకా ఉండే బడిలో అందరూ తప్పనిసరిగా రాయాల్సిన జాతీయ పరీక్షే లేదు, ఇలా నమూనాగా కొందరి చేత రాయిస్తారు. మీ స్కూలు పెద్దలు ఎవరైనా "విద్యావ్యవస్థ నాణ్యత తెలుసుకోవడానికి" అందరికీ పరీక్ష పెడుతున్నామంటే, దానికి ఇంత హంగామా అక్కర్లేదని చెప్పవచ్చు. కానీ మెతుకు పద్ధతిలో ఆ 35 రాసిన అమ్మాయి దొరకదు. కుండ సంగతి తెలుస్తుంది గానీ పిల్ల సంగతి తెలియదు. ఆ అమ్మాయి కోసమే అందరి చేతా రాయించాలనేది నా పట్టుదల.

ఇక మూడో పని, దారులు విడగొట్టడం. ఒక్క పరీక్షతో ఈ పని చేయడానికి నేను ఎప్పటికీ ఒప్పుకోను. కారణం మనసుకు సంబంధించినది కాదు, లెక్కకు సంబంధించినది. ఏ పరీక్షలోనైనా కొలత దోషం ఉంటుంది. బాగా తయారుచేసిన పరీక్షకు విశ్వసనీయత (మళ్లీ పెడితే ఫలితం ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె, ఎక్కువలో ఎక్కువ 1) 0.9 ఉంటుందనుకోండి. వంద మార్కుల పేపరులో పిల్లల మార్కుల ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటు నుంచి మామూలుగా ఎంత దూరం చెదురుతాయో అది, 15 అయితే, కొలత దోషం దాదాపు 5 మార్కులు వస్తుంది. అంటే ఒకే పిల్ల అదే స్థాయి పేపర్లు మళ్లీ మళ్లీ రాస్తే, మూడింట రెండుసార్లే ఆ పిల్ల మార్కు అసలు స్థాయికి అటూ ఇటూ 5 మార్కుల లోపు పడుతుంది. మిగతా ఒకసారి ఇంకా దూరంగా పడుతుంది. ఇది మంచి పరీక్ష సంగతి. గీత 60 దగ్గర గీస్తే 58 వచ్చిన పిల్లకూ 62 వచ్చిన పిల్లకూ చదువులో తేడా ఉందని పేపరు తయారుచేసినవాళ్లమే చెప్పలేం. కానీ ఆ తేడాతో ఒకరి దారి ఒకలా, ఇంకొకరి దారి ఇంకోలా అయిపోతుంది.

ఇంగ్లండ్‌లో 1944 చట్టం తర్వాత చాలా ప్రాంతాల్లో పదకొండేళ్ల వయసులోనే ఇలా చేశారు. లెవన్ ప్లస్ అనేవారు. పాసైనవాళ్లు పై చదువులకు సిద్ధం చేసే గ్రామర్ స్కూలుకు, మిగతావాళ్లలో ఎక్కువమంది ఇంకో రకం స్కూలుకు. గ్రామర్ స్కూళ్లలో ఉన్న సీట్లు నాలుగో వంతు పిల్లలకే సరిపోయేవి. ఆ వయసులో అమ్మాయిలకు ఎక్కువ మార్కులు వస్తున్నాయని కొన్నిచోట్ల వాళ్లకు కటాఫ్ పెంచేశారు కూడా. పేపరు ఒకటే, గీత మాత్రం రెండు. 1965 తర్వాత చాలా ప్రాంతాలు ఆ పద్ధతిని వదిలేశాయి. పదకొండేళ్లప్పుడు ఒక పూట రాసిన కాగితాన్ని ముసలితనంలో కూడా తలుచుకునే మనుషులు అక్కడ ఉన్నారు.

అయితే పరీక్షలే తీసేసి అంతా ఉపాధ్యాయుల చేతుల్లో పెడితే సరిపోతుందనుకునేవాళ్లకు కూడా ఇంగ్లండే జవాబు చెప్పింది. 2020లో కోవిడ్ వల్ల అక్కడ బడి చదువు చివర్లో రాసే 'ఎ-లెవెల్' (A level) పరీక్షలు జరగలేదు. ఉపాధ్యాయులు ఇచ్చిన అంచనా గ్రేడ్లను, స్కూలు గత ఫలితాలను బట్టి ఒక గణిత సూత్రంతో సవరించారు. దాదాపు 40 శాతం గ్రేడ్లు తగ్గాయి. గతంలో ఫలితాలు బాగాలేని స్కూల్లో బాగా చదివిన పిల్లలు, తమకు ముందు చదివి వెళ్లినవాళ్ల మార్కులకు బలైపోయారు. పిల్లలు వీధుల్లోకి వచ్చారు. నాలుగు రోజుల్లో ఆ సూత్రాన్ని వెనక్కి తీసుకుని ఉపాధ్యాయుల గ్రేడ్లే ఇచ్చారు. అప్పుడు అన్నిటికంటే పైనుండే A, A* గ్రేడ్లు అంతకుముందు ఏడాది పావు వంతు ఉన్నవి మూడో వంతు దాటిపోయాయి. పరీక్ష లేని ఏడాదిలోనే పరీక్ష చేసే పని ఎంతో అర్థమైంది. పెద్ద తరగతుల్లో ఉమ్మడి పరీక్ష ఉండాలి, దాని పక్కన ఏడాది పొడవునా చేసిన పని కూడా ఉండాలి, తప్పితే మళ్లీ రాసే వీలుండాలి. ఆ వయసులో అందరూ ఒకే పేపరు రాయాల్సిన పని కూడా లేదు. ఫిన్లాండ్‌లో పెద్ద చదువులకు ముందు రాసే మెట్రిక్యులేషన్ పరీక్ష 1852 నాటి నుంచి వస్తోంది. వృత్తి విద్య ఎంచుకున్నవాళ్లు దాన్ని రాయాల్సిన అవసరం లేదు, వాళ్ల నైపుణ్యాన్ని పని చేయించి చూస్తారు.

ఇప్పుడు మీ బాబు సంగతి. "ఒకే పరీక్ష" అంటే ఒకే కాగితం, ఒకే గది, ఒకే గంట అని చాలామంది అనుకుంటారు. నేను ప్రశ్నల బృందంలో నేర్చుకున్నది వేరు. అందరిలోనూ ఒకే విషయాన్ని కొలిస్తే అది ఒకే పరీక్ష. ఉదాహరణకు లెక్కల పేపరులో కొలవాలనుకున్నది లెక్కలు. మీ బాబు ప్రశ్న చదవలేక ఆగిపోతే, ఆ సున్నా లెక్కల గురించి ఏమీ చెప్పదు. ఎవరైనా ప్రశ్నను పైకి చదివి వినిపిస్తే అప్పుడే అది లెక్కల పరీక్ష అవుతుంది. అదే, చదవడం కొలిచే పేపరులో పేరాను చదివి వినిపిస్తే ఇక అక్కడ కొలవడానికి ఏమీ మిగలదు. అక్కడ పెద్ద అక్షరాలు, వేరే గది, ఎక్కువ సమయం ఇవ్వవచ్చు, చదివి మాత్రం వినిపించకూడదు. చూపు లేని పిల్లకు బ్రెయిలీ, చేయి కదలని పిల్లాడికి చెబితే రాసిపెట్టే మనిషి, ఇవన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. నా తరగతిలో మీ బాబు లాంటి ఒక అబ్బాయికి మొదటిసారి ప్రశ్నలు చదివి వినిపించిన రోజు నాకు బాగా గుర్తు. భిన్నాల ప్రశ్న సగం వినగానే జవాబు చెప్పేశాడు. అప్పటిదాకా వాడికి భిన్నాలు రావని నేను రిపోర్టులో రాస్తూ వచ్చాను.

సమయం గురించి ఒక మాట. అదనపు సమయం ఇస్తే మిగతా పిల్లలకు అన్యాయం కదా అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఆరో తరగతి పేపరులో వేగాన్ని కొలవాల్సిన అవసరం ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అందరికీ సమయం పెంచేయమనండి. ముగించినవాళ్లు లేచి వెళ్తారు.

ప్రశ్నల్లో దాక్కుని ఉండే పక్షపాతం ఇంకొకటి. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో ఒకప్పుడు వచ్చిన ఒక ప్రశ్నను మా శిక్షణలో ఎప్పుడూ చెప్పేవాళ్లం. పరుగు పందెగాడికి మారథాన్ ఎలాగో, తెడ్డు వేసేవాడికి ఏది అలాగ? జవాబు రెగెట్టా, అంటే పడవ పందెం. ఆ మాట ధనవంతుల పిల్లలకు ఇంట్లోనే వినబడుతుంది, మిగతావాళ్లకు వినబడదు. తర్కం తెలిసీ ఆ మాట తెలియక తప్పిపోతారు. ఆ రకం ప్రశ్నలను 2005లో శాట్ నుంచి తీసేశారు. అందుకే ప్రతి ప్రశ్ననూ ముందుగా కొంతమంది పిల్లల మీద ప్రయోగించి చూడాలి. మొత్తం మార్కులు సమానంగా ఉన్న రెండు గుంపుల పిల్లలు ఏదైనా ఒక్క ప్రశ్నలో మాత్రం బాగా తేడాగా చేశారంటే, ఆ ప్రశ్నను పక్కన పెట్టి ఎందుకని వెతకాలి. మా బృందంలో రైళ్ల టైంటేబుల్ మీద రాసిన ఒక ప్రశ్న ఇలాగే పోయింది. రైలు ఎప్పుడూ ఎక్కని పిల్లలకు 17:40 అంటే ఏమిటో తెలియలేదు. తీసివేత మాత్రం వాళ్లకు చక్కగా వచ్చు. ఈ ప్రయోగం చేయకుండా రాత్రికి రాత్రి అచ్చేసిన పేపరును ప్రామాణిక పరీక్ష అనకూడదు, అందరికీ ఒకేసారి పెట్టినా సరే.

వయసు తేడాను కూడా ఎవరూ పట్టించుకోరు. ఒకే తరగతిలో పిల్లల మధ్య ఏడాది దాకా తేడా ఉంటుంది. ఇంగ్లండ్‌లో సెప్టెంబరులో పుట్టినవాళ్లు తరగతిలో పెద్దవాళ్లు, ఆగస్టులో పుట్టినవాళ్లు చిన్నవాళ్లు. ఆగస్టు పిల్లలకు సగటున మార్కులు తక్కువ వస్తాయని అక్కడ ఏళ్ల తరబడి లెక్కలు చూపిస్తున్నాయి. చిన్న తరగతుల్లో ఈ తేడా మరీ ఎక్కువ. మార్కు పక్కన పిల్ల వయసు కూడా రాసి చూస్తే సగం తొందరపాటు తీర్పులు ఆగిపోతాయి.

బుద్ధి వికాసంలో తీవ్రమైన వైకల్యం ఉన్న కొద్దిమంది పిల్లలకు వేరే పేపరే కావాలి, అందులో సందేహం లేదు. అమెరికా చట్టం అలాంటి ప్రత్యామ్నాయ పరీక్షను మొత్తం పిల్లల్లో 1 శాతానికి మించనివ్వదు. ఆ పరిమితి లేకపోతే చదువు చెప్పడం కష్టమనిపించిన ప్రతి పిల్లనూ అందులోకి తోసేస్తారు. ఆ పిల్లల ఫలితాలు కూడా లెక్కలోకి రావాలి. మీరు చెప్పినదాన్ని బట్టి మీ బాబు ఈ కోవలోకి రాడు.

స్కూలువాళ్లు చెప్పే టెన్షన్ సంగతి నేను తేలిగ్గా తీసుకోను. పరీక్ష రోజు పొద్దున వాంతులు చేసుకున్న పిల్లలను చూశాను. మా దగ్గర అది ఎక్కువగా ర్యాంకులు నోటీసు బోర్డు మీద అంటించిన ఏళ్లలో జరిగింది. బోర్డు తీసేసి, ఎవరి ఫలితం వాళ్లకే కవర్లో ఇవ్వడం మొదలుపెట్టాక అదే రకం పేపరును పిల్లలు మామూలుగా రాసేశారు. ఇంట్లో మీరు కూడా "ఎన్ని వచ్చాయి" అని కాకుండా "ఏ ప్రశ్న దగ్గర ఆగావు" అని అడగండి. వాడు చెప్పేది ఒక కాగితం మీద రాసి స్కూలుకు తీసుకెళ్లండి. చాలాసార్లు మార్కుల షీటు కంటే అదే ఎక్కువ పనికొస్తుంది.

సమావేశంలో ఏం అడగాలన్నారు కదా. మీ బాబు రాస్తాడని ముందే చెప్పేయండి, బతిమాలే గొంతుతో కాదు. లెక్కల పేపరులో ప్రశ్నలు చదివి వినిపించే మనిషి, వేరే గది, అదనపు సమయం కావాలని దరఖాస్తు ఇప్పుడే ఇవ్వండి. పరీక్షకు వారం ముందు అడిగితే ఏర్పాట్లు కుదరలేదంటారు. చదివి వినిపించే మనిషి ఎవరో ముందే తెలిస్తే ఒకటి రెండుసార్లు వాడితో కూర్చోబెట్టండి, కొత్త గొంతు వింటే పిల్లలు తికమకపడతారు. ఈ మార్కును బట్టి సెక్షన్ మార్చడం, పై తరగతికి పంపకపోవడం, ఉపాధ్యాయుడి జీతానికో పదోన్నతికో ముడిపెట్టడం లాంటివి ఉండవని రాసివ్వమనండి. రాసివ్వడానికి వెనకాడితే అక్కడే పట్టుకోండి, మిగతా తల్లిదండ్రులను కూడా కలుపుకోండి, ఎందుకంటే ఆ సమస్య మీ ఒక్కరిదీ కాదు. ఈ ఏడాది ఎంతమందిని మినహాయిస్తున్నారో, ఎందుకో అడగండి. పేర్లు అక్కర్లేదు, సంఖ్య చాలు. ఆ సంఖ్య పెద్దదైతే నేను సంతకం పెట్టిన జాబితా లాంటిదే అక్కడా ఉందని అర్థం.

ఫలితాలు వచ్చాక ఎన్ని రోజుల్లో ఏ పిల్లకు ఏ సాయం మొదలవుతుందో కూడా అడగండి. నా అనుభవంలో నాలుగు వారాలు దాటితే ఆ ఫలితం బీరువాలోకి వెళ్లిపోతుంది, సెలవులు వస్తాయి, తరగతి మారిపోతుంది. వారానికి ఎన్ని గంటలు, ఎవరు కూర్చుంటారు, ఏ తేదీ నుంచి అన్నది అడిగి, ఆ తేదీని సమావేశం మినిట్స్‌లో రాయించుకుని, దాని నకలు తీసుకుని రండి.